మస్తాన్ మాటలు రాసిచ్చింది నేనే

కొండమీది పోస్టుకు చేరేసరికి పగలు పదకొండయింది. మోకాలి లోతు మంచు. రెండు బంకర్లు, ఒక రేడియో, నాతో కలిపి పద్నాలుగు మంది. యుద్ధం మొదలై మూడో రోజు. చలిని తెలుగులో తిట్టుకుంటూ బంకర్‌లోకి వంగాను. రేడియో ఆపరేటర్ తలెత్తాడు.

"యా ఊరప్పా నీది?"

"ప్రొద్దుటూరు."

"మాది వేంపల్లె. ఇంగ నోరారా మాట్లాడుకోవచ్చులే."

అతని పేరు మస్తాన్. నాకంటే నాలుగేళ్ళు సీనియర్. షెల్ ఎంత దూరంలో పడిందో చప్పుడుతో పసిగట్టడం నేర్పాడు. తొమ్మిదో రోజు మా మీదే పడ్డాయి. రెండు గంటలు అతను రేడియో సెట్టు వదల్లేదు. "ముగ్గురికి గాయాలు. స్ట్రెచర్లు పంపండి. వినపడుతోందా?" ఆ ముగ్గురూ బతికారు.

ఆ వారమే సుబేదారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆదివారం నాలుగింటికి మస్తాన్ ఇంటికి ఫోన్ చేస్తాడు. మీ ఇద్దరిదీ తెలుగే. పక్కన కూర్చుని ఏం మాట్లాడాడో రాసివ్వు. పైనుంచి ఆర్డర్."

"మిగతావాళ్ళవి సార్?"

"అక్కర్లేదు."

ఎందుకని అడగలేదు. పోస్టులో ముస్లిం అతనొక్కడే.

విన్నాను. రాశాను. అమ్మ మోకాళ్ళ నొప్పి. చెల్లెలికి పెళ్ళిచూపులు. "మంచు పడతాందిమ్మా. కిందికి పోయే దావ మూసేసినారు." సుబేదారు ఆ చివరి మాట కింద ఎర్రగీత కొట్టాడు. అంతకు పది నిమిషాల ముందు, అదే ఫోన్‌లో, అదే మాట నేను నా భార్యకు చెప్పాను. ఆ సంగతి సుబేదారుకు చెప్పలేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అతని రైఫిల్ తీసుకున్నారు. రేడియో వేరేవాడికిచ్చారు. అప్పటికి దారి తెరిచారు; విచారణ అయ్యేదాకా కింద రేషన్ స్టోరులో ఉండమన్నారు. మూట భుజానికెత్తుకుని మస్తాన్ నా దగ్గర ఆగాడు.

"నన్నే అడిగింటే చెప్పేవాణ్ణి కదప్పా, మాయమ్మతో ఏం మాట్లాడినానో."

బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. లేసు ఊడలేదు.

యుద్ధం ఆగింది. విచారణలో ఏమీ తేలలేదు. అయినా అతనికి రేడియో తిరిగి ఇవ్వలేదు. నేను సెలవు మీద వచ్చి, మూడో రోజు వేంపల్లె బస్సెక్కాను. అతనికి సెలవు దొరకలేదని తెలుసు. కనీసం వాళ్ళమ్మ దగ్గరైనా తప్పు ఒప్పుకోవాలనుకున్నాను.

గడపలో నా ఊరి పేరు చెప్పగానే ఆమె గుర్తుపట్టింది.

"ప్రొద్దుటూరాయప్ప నువ్వేనా నాయనా? ఆడ మా వానికి తోడుగా ఉంటివంట. శానా చెప్పినాడు నీ గురించి."

అంటే, నేను రాసిచ్చిన సంగతి అతను చెప్పలేదు. నేను నోరు తెరిచాను. "అమ్మా, నేను..." అని ఆగిపోయాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, రెండు చేతులూ నా ముఖం చుట్టూ తిప్పి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. పది వేళ్ళూ పటపటమన్నాయి.

"చూడు నాయనా, ఎంత దిష్టి తగిలిందో నీకు," అంది.