రెండు చేతుల సాక్ష్యం

డెబ్బై దాటాక ములకలపల్లిలో మా పెరట్లో ఒక పాత జీపు ఛాసిస్‌ను, అంటే దాని ఇనుప చట్రాన్ని, బాగుచేయడం మొదలుపెట్టాను. దాన్ని నాలుగు మద్ది మొద్దుల మీద నిలబెట్టాను. "అడవి పక్క ఊరు, చెదలు పడతయ్, రాళ్లు పెట్టు" అని నా భార్య కరుణమ్మ పోరుతూనే ఉంది. మద్ది మొద్దు ఏనుగునైనా మోస్తుందని కోతలు కోశాను.

ఆ ఆదివారం పొద్దున ఛాసిస్ కింద పడుకుని తుప్పు గీకుతున్నాను.

"ఏందయ్యా, చర్చిల పాటలు మొదలైనయ్. లేస్తవా, లేవవా?"

"జరంతే ఉంది, నువ్ నడువు."

"అవ్, నీ జర నాకు తెల్వదా!" అంటూ నా రెండు కాళ్లూ పట్టి బయటికి ఈడ్చింది. నేను తిట్టబోయేలోగా ధడేలుమంది. అంతకుముందు నా ఛాతీ ఉన్నచోట ఛాసిస్ నేలలో దిగబడింది. విరిగిన మొద్దు లోపలంతా చెదమట్టే. నా కాళ్లు ఇంకా ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

గంట తర్వాత చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. "దేవుడు బలమిచ్చిండు. మీద పడుతున్న ఛాసిస్‌ను రెండు చేతులతో ఆపిన" అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆడవాళ్ల వైపు కరుణమ్మ తలొంచుకుని కూర్చుంది. అరచేతులకు అంటిన తుప్పును కొంగుతో తుడుచుకుంటోంది.

ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను. నన్ను కాపాడింది రెండు చేతులే. కాకపోతే అవి నావి కావు.