అత్తగారు చూసిన బ్రిస్బేన్

మూడు నెలలు మా ఇంట్లో ఉన్న అత్తగారు మర్నాడు ఇండియా వెళ్లిపోతారనగా నా గుండెల్లో రాయి పడింది. బెంగతో కాదు, భయంతో. ఆవిడ గుంటూరులో దిగగానే మా ఆడపడుచు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "ఏం చూపించిందమ్మా వదిన?" చూపించిందేముంది, నా మొహం! ఆస్ట్రేలియాలో మేముండే ఈ టూవూంబాలో మాకు తెలిసిందల్లా ఆస్పత్రి, ఇల్లు, మళ్లీ ఆస్పత్రి. వారం కిందట ఫోన్లో కూతురితో ఆవిడ అననే అన్నారు, నాకు వినపడేలాగే. "చూడ్డానికేముందే! వీళ్లు డ్యూటీలకి పోతారు, నేను బట్టలు మడతపెడతా."

అందుకే ఆ ఆదివారం, వరసగా ఆరు రోజులు వార్డులో నిలబడి వాచిన కాళ్లతోనే కారు తీశాను. మా ఆయనకు డ్యూటీ. బ్రిస్బేన్ రెండు గంటల దారి. అక్కడ నది ఒడ్డున ఓ ఆకాశహర్మ్యం పైనుంచి ఊరంతా చూడొచ్చని, టికెట్టు కూడా లేదని వార్డులో అందరూ చెబుతుంటారు. ఇన్నేళ్లలో మేమే ఒక్కసారీ వెళ్లలేదు.

"ఊరికే చూపించేదాంట్లో ఏముంటుందమ్మాయ్?" అన్నారు అత్తగారు, సీటు బెల్టు సర్దుకుంటూ. నాకు ఒళ్లు మండింది. రేడియో పెట్టాను.

లిఫ్టులో ఆవిడకు చెవులు దిబ్బళ్లు పడ్డాయి. పైన తలుపు దాటగానే ఎండ, గాలి, జనం. అంచున నిలువెత్తు అద్దాలు, వాటి ముందు ఫోటోల కోసం తోపులాట. ఈ చివర గోడ పక్కన ఓ బెంచీ ఖాళీగా కనిపించింది. నా కాళ్లు నన్నడక్కుండానే అటు నడిచాయి.

"మీరు వెళ్లి చూస్తూ ఉండండత్తయ్యా. రెండే రెండు నిమిషాలు కూర్చుని వస్తా."

"ఒక్కదాన్నీ పోయి ఏం చూస్తా? కలిసే చూద్దాంలే" అంటూ ఆవిడా నా పక్కన చతికిలబడ్డారు.

ఉరిమితే మెలకువ వచ్చింది. నా తల ఆవిడ భుజం మీద ఉంది. మొహానికి ఎండ తగలకుండా ఆవిడ పమిట కప్పి ఉంది. నా హ్యాండ్‌బ్యాగు ఆవిడ ఒళ్లో, రెండు చేతుల మధ్య. గంటన్నర దాటిపోయింది. ఆకాశం నల్లబడింది. గాలివాన వస్తోంది, పైభాగం మూసేస్తున్నాం, దిగండి అని సిబ్బంది అందర్నీ లిఫ్టుల వైపు తోలుతున్నారు.

"లేపొచ్చు కదత్తయ్యా! ఇంత దూరం వచ్చి!" అని అరిచినంత పని చేశాను. నిజంగా ఏడుపొచ్చింది. అద్దాల వైపు పరిగెత్తబోతే ఓ సెక్యూరిటీ అమ్మాయి నవ్వుతూనే అడ్డం నిలబడింది. వాన మొదలైంది.

ఆవిడ భుజం రాసుకుంటూ లేచారు. "లేపబుద్ధి కాలేదమ్మా. నోరు తెరుచుకుని పడుకున్నావు, పసిపిల్లలా. ఎన్నాళ్లయిందో ఏమో నువ్వు కంటినిండా నిద్రపోయి."

దారంతా వాన. కొండదారి ఎక్కుతుండగా ఫోన్ మోగింది. కారు స్పీకర్లో మా ఆడపడుచు.

"ఏమ్మా, చివరికి ఏమన్నా చూపించిందా వదిన?"

"అబ్బో, ఏం చెప్పమంటావే!" అన్నారు అత్తగారు. "అంతెత్తు మేడ! కింద నది మెలికలు తిరుగుతా పోతంది, దాని మీద వంతెనలు, కార్లన్నీ అగ్గిపెట్టెలంతే. మీ వదిన చెయ్యి పట్టుకుని తిప్పింది, ఒక్కటి వదల్లేదు."

"సముద్రం కూడా కనపడిందా?"

"కనపడకేం!"

ఇన్నాళ్లూ ఆవిడ నా గురించి ఏం చెబుతారోనని హడలి చచ్చాను. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అక్కణ్నుంచి సముద్రం కనిపిస్తుందో లేదో నాకు తెలియదు. మేమిద్దరం చూడలేదు.