పొంగనివ్వని చెయ్యి

పదిరోజుల కిందట ఒక ఉదయం, పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే కాపలా నిలబడి ఉండగా సెల్లు మోగింది. పాలు పొయ్యి మీద ఉన్నంతసేపూ నేను ఫోను తీయను. ఆ సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. అయినా మా తమ్ముడి కూతురు చేస్తోందని చూసి, కళ్ళు గిన్నె మీదే ఉంచి తీశాను. "అత్తా, వచ్చే శుక్రవారం కొత్తింట్లో పాలు కాచేది. నీవే వచ్చి కాచాల. సాకు చెప్పొద్దు," అనింది. తమిళనాడులో ఉన్న మా ధర్మపురిలో గృహప్రవేశమనే మాట ఆహ్వాన పత్రికలోనే కనిపిస్తుంది, నోటితో అందరూ పాలు కాచేదనే అంటారు. కొత్త పొయ్యి మీద కొత్త గిన్నె పెట్టి, పాలు పొంగి అంచు దాటి కిందికి కారేదాకా చూడాలి. ఆ పని ఇంటి ఆడపడుచుది. అల్లుడికి అక్కచెల్లెళ్ళు లేరట. "మా అత్తగారు నీ ఇష్టమొచ్చినోళ్ళను పిలుచుకో అనింది. నేను నిన్ను పిలుస్తావుండాను," అని పిల్ల ఫోను పెట్టేసింది. పొయ్యి ఆపేశాను. పాలు ఇంకా గోరువెచ్చన కూడా కాలేదు.

నా గురించి కొంచెం చెప్పుకోవాలి. నా కాలు ఒకచోట నిలవదు. తొమ్మిదింటి బస్సుకి ఎనిమిదింటికే బస్టాండులో ఉంటాను. రైల్లో వస్తే, మేం దిగే మొరప్పూరు ఇంకా రెండు స్టేషన్లు ఉందనగానే సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాను. బయలుదేరిన ప్రతిసారీ వీధి మలుపు దాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కి వస్తాను. వేసే ఉంటుంది. తినేవాళ్ళు ఇంకా మజ్జిగలోకి రాకముందే సాంబారు గిన్నె ఎత్తేస్తానని మా ఇంటికి భోజనానికి రావడానికే కొందరు భయపడతారు. మా ఆయనకు పచారీ అంగడి. పొద్దుగూకులూ గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చునే మనిషి. ఆయనకు నేనంటే నలభై ఏళ్ళుగా వేడుక. "నీవు కూర్చోనుండే ఫోటో మనింట్లో ఒకటన్నా ఉండాదా?" అంటారు. పెళ్ళి ఫోటోలో కూర్చునే ఉన్నాను కదా అంటే, "అందులో కూడా లేసేదానికి సిద్ధంగా ఉండావు చూడు," అంటారు. చూశాను. నిజమే. ఇన్ని అవలక్షణాల మధ్య నాకొక గొప్ప ఉండేది. నా చేతి కింద ఏనాడూ పాలు పొంగిపోలేదు. పుట్టింట్లో పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మ నన్ను పాల దగ్గర నిలబెట్టింది. నురగ అంచు దాకా రాగానే ఆపేయాలి, ఒక్క చుక్క పోయినా వీపు విమానం మోత మోగేది. ఆ చెయ్యి అప్పటినుంచి మెదడుతో పని లేకుండా తనంతట తానే కదులుతుంది.

ఎనిమిదేళ్ళ కిందట తమ్ముడు హరూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి కట్టిన ఇల్లు. ఆడపడుచుని నేనొక్కదాన్నే కాబట్టి పాలు కాచడం నా వంతు. తెల్లవారుజామున పట్టుచీర కట్టుకుని, పసుపుకొమ్ము కట్టిన కొత్త గిన్నెలో పాలు పోశాను. వంటింటి నిండా జనం, ఒక పక్క మంత్రాలు చదువుతూ అయ్యవారు. తమ్ముడు, మరదలు నా వెనకే చేతులు జోడించుకుని నిలబడ్డారు. పాలు కదిలాయి, నురగ లేచింది, అంచుకు వచ్చింది. అందరూ గోవింద అనడానికి నోరు తెరిచారు. నా చెయ్యి వెళ్ళి పొయ్యి ఆపేసింది. నేను ఆపలేదు, నా చెయ్యే ఆపింది. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు? నురగ మెల్లగా కిందికి దిగిపోయింది. మరదలి ముఖం వైపు చూశాను. పాలిపోయి ఉంది. తల కొట్టేసినట్టయింది నాకు. చెయ్యి కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళి, అటునుంచి అటే చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాను. మొరప్పూరు దాటేదాకా సంచీలో సెల్లు మోగుతూనే ఉంది. తిట్టడానికే అనుకుని తీయలేదు. ఆడపడుచుకు పెట్టే చీరను మరునాడు ఎవరితోనో పంపించారు. ముఖాన కొట్టారనుకున్నాను.

ఆ ఏడాదే తమ్ముడు బండి మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తరువాత బోరులో నీళ్ళు అడుగంటాయి. ఎవరూ నన్నేమీ అనలేదు. అననక్కరలేదు, నాకు నేనే రోజూ అనుకునేదాన్ని. ఆసుపత్రికి వెళ్ళినా తలుపు దగ్గరే నిలబడి, ఫ్లాస్కు అందించి, బస్సు ఉందని చెప్పి వచ్చేశాను. పండగకు పిలిస్తే అంగడి చూసుకోవాలనేదాన్ని. తప్పదనుకుని వెళ్ళినా, వాళ్ళింట్లో ఒక్క పూట కూర్చుని తిని చెయ్యి కడగలేదు. మరదలు నాతో ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడేది కాదు. మనసులో పెట్టుకుంది, పెట్టుకోక ఏం చేస్తుంది అనుకున్నాను. ఉన్న ఒక్క తమ్ముడి గడప నా చేతులారా పోగొట్టుకున్నానని ఎన్నిసార్లు ఏడ్చానో మా ఆయనకే తెలుసు.

అందుకే పిల్ల ఫోను చేసినప్పటినుంచి నాకు కుదురు లేదు. వద్దంటే పిల్ల నొచ్చుకుంటుంది. సరే అని మళ్ళీ అదే పని చేస్తే ఇక ఆ ఇంటి ముఖం చూడలేను. చివరికి సాధన మొదలుపెట్టాను. రోజూ అర లీటరు పాలు పెట్టి, ఈరోజు పొంగనిస్తానని పంతం పట్టి నిలబడేదాన్ని. నురగ అంచుకు రాగానే చెయ్యి వెళ్ళిపోయేది. నాలుగు రోజులు అదే తంతు. ఆ పాలన్నీ తోడుపెడితే ఇంటినిండా పెరుగే. మూడు పూటలా పెరుగన్నం తిని మా ఆయనకు జలుబు చేసింది. "అబ్బా, దొంగతనం చేసేదానికి కూడా ఇంత ప్రాక్టీసు చెయ్యరు," అన్నారు ముక్కు తుడుచుకుంటూ. నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం ఎవరూ రాకముందే కొత్తింటికి చేరుకున్నాను, అది మామూలే. వంటింట్లో మరదలు ఒక్కతే గిన్నెకు కుంకుమ పెడుతోంది. ఇంతకంటే మంచి సమయం దొరకదని, "నీవే కాచమ్మా. నా చెయ్యి మంచిది కాదు. నీకు తెలుసు కదా," అన్నాను. ఆమె తలెత్తి చూసింది.

"ఏం తెలుసు వదినా నాకు?"

"హరూరులో చేసింది."

మరదలు గిన్నె కింద పెట్టింది. "పాలు పొంగకపోతే ఏమాయె? అయ్యవారు మళ్ళా పొయ్యి ముట్టించండి, ఇంకా టైముండాదన్నాడు. ఇంకో గిన్నె పెట్టుకోని నీకోసరం చూస్తిమి. పెరట్లో లేవు, వీధిలో లేవు. ఫోను చేస్తే తియ్యవు. మీ తమ్ముడు పట్టుపంచెతోనే బస్టాండుకు పరిగెత్తినాడు. బస్సు పోయిందంట. ముహూర్తం దాటిపోతాదని ఆఖరికి నేనే కాచినాను. నా ఇంటికి నేనే పాలు కాచుకున్నాను వదినా, ఆడపడుచు ఉండి కూడా."

నా కాలు అలవాటుగా తలుపు వైపు తిరిగింది.

"ఎనిమిదేండ్లాయె. ఒక్కదినమన్నా నా ఇంట్లో కూర్చోని నాలుగు మెతుకులు తింటివా? నీవు గడప దగ్గర నిలబడుకోని, బస్సుండాది బస్సుండాది అంటే నేనేం మాట్లాడేది నీతో?"

తమ్ముడు ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పేంతసేపు నేనెప్పుడు అక్కడ ఉన్నాను గనక? నన్ను వెలివేశారని ఏడుస్తూ, వాళ్ళను నేనే వెలివేశాను. ఎవరో తిడతారని పారిపోయి, తిట్టనివాళ్ళ మీద ఎనిమిదేళ్ళు అలిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది. క్షమాపణ చెప్పబోతే, "అదంతా తర్వాత చూద్దాం, అయ్యవారొచ్చినాడు," అని మరదలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జనం వచ్చారు. పాలు పోసి పొయ్యి ముట్టించాను. మరదలు నా పక్కకు వచ్చి నిలబడింది. పాలు కదలగానే, "చేతులిట్లియ్యి," అని నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. నురగ లేచింది. నా కుడిచెయ్యి కదిలింది. ఆమె గట్టిగా పట్టుకుంది. అంచుకు వచ్చింది. చెయ్యి మళ్ళీ లాగింది. "నిలబడు వదినా," అని చెవిలో అనింది, చెయ్యి వదల్లేదు. పాలు పొంగి నాలుగువైపులా కారాయి. అందరూ గోవింద అన్నారు. ఆ తరువాత ఆమె నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆకు ముందు కూర్చోబెట్టి, పాయసం రెండుసార్లు వడ్డించింది. అందరూ లేచి వెళ్ళినా మేమిద్దరం కూర్చునే ఉన్నాం.

ఆనాడు పారిపోయి నేనెక్కిన బస్సు హరూరు నుంచి ధర్మపురికి గంటన్నరలో వచ్చేసింది. అందులోంచి దిగడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.