నీళ్ళలో మనిషిని చూస్తే మండిపడే బాబాయ్

ఈతకొలనుకి కాపలా పెట్టిన మనిషికి నీళ్ళలో మనుషులు కనిపిస్తే ఒళ్ళు మండుతుందంటే మీరు నమ్మరు. మా బాబాయ్‌ని చూస్తే నమ్ముతారు. దిగిన ప్రతివాణ్ణీ బయటికి తరమడమే ఆయన జీవితాశయం. ఈత వచ్చినవాడైతే "గొప్పలు చాల్లే, బయటికి!" రానివాడైతే "చావడానికి మా కొలనే దొరికిందా, బయటికి!" ఇంట్లో పిన్ని స్నానానికి వెళ్ళినా తలుపు దబదబా బాది "టైమైంది, బయటికి!" అంటాడు. ఒకసారి చుట్టాలింట్లో చేపల తొట్టి ముందు నిలబడి ఆయన మెడలో విజిల్ కోసం తడుముకోవడం నేను కళ్ళారా చూశాను.

మహమ్మారి వచ్చి కొలను మూసేస్తే అందరూ లబోదిబోమన్నారు. బాబాయ్ మాత్రం గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "చూడవే, నీళ్ళు ఎంత బుద్ధిగా ఉన్నాయో!" అని మురిసిపోయాడు.

నెలల తర్వాత మళ్ళీ తెరవమని ఆర్డరొచ్చింది. నన్ను గేటు దగ్గర జ్వరం చూసే పనికి పెట్టారు. గంటకో జట్టు, తాళ్ళు కట్టిన ఒక్కో లేనులో ఒక్కరే ఈదాలి, బట్టలు మార్చుకునే గది బంద్, స్నానం ఇంట్లోనే చేసి రావాలి. ఈ ముక్కలు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. మాస్కు గడ్డానికి తగిలించుకుని "పెట్టుకున్నాగా!" అని నా మీదే ఎగిరే పెద్దమనుషుల్ని ఏం చెయ్యాలి చెప్పండి? కోపం మా వంశంలోనే ఉంది. నేను మాత్రం ఎందుకు తగ్గుతాను?

తెరిచిన రోజు బాబాయ్ ఒక ఘనకార్యం చేశాడు. ముందు విజిల్ నోట్లో పెట్టుకుని, దాని మీద మాస్కు బిగించాడు. ఇక ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా కీచుమని మోత! మోత వినగానే అందరూ గట్టెక్కేవాళ్ళు, ఆగగానే దిగేవాళ్ళు. మళ్ళీ కీచు! ఆ గంటంతా ఎవరూ ఈదింది లేదు, ఎక్కి దిగడమే సరిపోయింది. బాబాయ్ మాత్రం అంత ఆనందంగా ఎప్పుడూ లేడు.

కొలను వెనక సందులో టైలరమ్మ ఉంటుంది. మా ఇంటిల్లిపాది బట్టలూ ఆవిడ కుట్టినవే. ఆ రోగం సోకి, చావు తప్పి బయటపడింది గానీ కాళ్ళు బిగుసుకుపోయాయి. మిషను తొక్కలేదు. మిషను తొక్కకపోతే ఆవిడకి బతుకే లేదు. నీళ్ళలో నడిస్తే కాళ్ళు వస్తాయన్నాడు డాక్టరు. ఊపిరితిత్తులు ఇంకా బలహీనంగా ఉన్నాయి కాబట్టి జనంలోకి మాత్రం వెళ్ళొద్దన్నాడు.

నేను వెళ్ళి బాబాయ్‌ని అడిగాను.

"ఒక్క అరగంట ఆవిడ కోసం ఖాళీగా ఉంచు బాబాయ్."

"కుదరదు!"

"కాళ్ళు పోతాయి పాపం!"

"ఇదేమన్నా ఆవిడ పెరట్లో తొట్టి అనుకున్నావా? రూలు రూలే. ఫో అవతలికి!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత రాతిగుండె మనిషి మా నాన్నకి తమ్ముడెలా అయ్యాడా అనుకున్నాను. ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆ మర్నాటి నుంచి బాబాయ్‌కి పిచ్చి ముదిరింది. సాయంత్రం ఆఖరి జట్టుని సగంలోనే గెంటేయడం మొదలుపెట్టాడు.

"ఉరుము! అందరూ బయటికి!"

"ఆకాశం నిర్మలంగా ఉంది కదండీ?" అన్నాడు బ్యాంకు మేనేజరు.

"నీ చెవుల్లో నీళ్ళున్నాయి, నీకేం వినబడుతుంది? బయటికి!"

ఒకరోజు క్లోరిన్ ఘాటెక్కిందన్నాడు. ఒకరోజు మోటారు మూలుగుతోందన్నాడు. ఇంకోరోజు ఏ కారణమూ తోచలేదు కాబోలు, "మీ మొహాలు చూడలేకపోతున్నా, బయటికి!" అన్నాడు. వాళ్ళంతా తడి తువ్వాళ్ళతో వచ్చి గేటు దగ్గర నన్ను తిట్టేవాళ్ళు. నేను వాళ్ళని తిట్టేదాన్ని. ఆ తర్వాత బాబాయ్ నన్నూ ఇంటికి తరిమేవాడు.

చివరికి ఆ జట్టువాళ్ళు కొలను కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళారు. ఆయన వస్తున్నాడని తెలిసి, ఇవాళ బాబాయ్‌తో తాడో పేడో తేల్చుకుందామని నేను సగం దారిలోంచి వెనక్కి తిరిగాను. నా తాళంచెవితో గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను.

నడుముల్లోతు నీళ్ళలో టైలరమ్మ నడుస్తోంది. మునిగేవాళ్ళకి అందించే పొడుగాటి గడ ఒక కొస ఆవిడ చేతిలో ఉంది. రెండో కొస పట్టుకుని గట్టు మీద బాబాయ్ నడుస్తున్నాడు. మోటారు గది పక్కన సందువైపు తలుపు బార్లా తీసి ఉంది.

"మోకాలు ఎత్తమ్మా! ఎత్తమంటుంటే!"

"అరవకయ్యా! బిగుసుకుంది కాళ్ళు, చెవులు కాదు."

నేను దూరం నుంచే నిలదీశాను. "నాతో కుదరదన్నావుగా?"

"నీతో సరేనంటే ఊరంతా చాటుతావు. ప్రెసిడెంటు తన బావమరిదికో గంట కావాలంటాడు. ఆ తర్వాత వాళ్ళ కుక్కకో గంట!"

"పోనీ, ఆ ఆఖరి జట్టువాళ్ళకి నెమ్మదిగా చెప్పొచ్చుగా?"

"నెమ్మదిగా చెబితే వంద ప్రశ్నలేస్తారే. అరిస్తే తువ్వాలు తీసుకుని పోతారు."

ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని నాకింకా కోపం వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, దానికి మరీ కోపం వచ్చింది. అంతలో గేటు దడదడలాడింది. టైలరమ్మ కంగారుపడి మెట్ల వైపు తిరిగింది.

"నేను పోతానయ్యా, నీ ఉద్యోగానికి ముప్పు."

"బయటికొచ్చావంటే ఊరుకోను!" అని గర్జించాడు బాబాయ్.

ఆ మాట ఆయన నోట పుట్టడం అదే మొదలు. నేను గేటు దగ్గరికి పరిగెత్తాను.

"లోపల ఏం జరుగుతోంది?" అన్నాడు ప్రెసిడెంటు. వెనకాల జట్టంతా ఉంది.

"పాము!" అన్నాను.

అందరూ అడుగు వెనక్కి వేశారు. అప్పుడే లోపలి నుంచి బాబాయ్ కేక వినిపించింది. "కాలెత్తు! ఇంకా పైకెత్తు!"

"పాముకి కాళ్ళేమిటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"అంత అనుమానంగా ఉంటే మీరే వెళ్ళి చూసుకోండి!" అని గొంతు చించుకుని అరిచి గేటు బార్లా తీశాను. ఎవరూ కదల్లేదు.

"రేపటికైనా పోతుందా?" అని వెనక నుంచి బ్యాంకు మేనేజరు మెల్లిగా అడిగాడు.

"అది దానంతటది నడుచుకుంటూ వెళ్ళేదాకా ఈ వేళప్పుడు ఒక్కరు కూడా లోపల ఉండటానికి వీల్లేదు!" అని గేటు వేసేశాను.