ఒకే నంబరు మీద ముప్పై ఒక్కమంది

మా వెంకటకృష్ణకు నియమాలంటే ప్రాణం. హైదరాబాదులో ఆరేళ్ళు ఉద్యోగం చేసి సొంతూరికి వచ్చేవాళ్ళు ఫ్రిజ్జో, మంచమో వెంట తెచ్చుకుంటారు. ఇతను పదకొండు నియమాలు తెచ్చుకున్నాడు. వాటిని పసుపు కాగితాల మీద రాసి తన కుర్చీ వెనక గోడకు వరసగా అంటించాడు.

నరసరావుపేట బస్టాండుకు దగ్గర్లో ఒక మందుల షాపు పైన రెండు గదులు మా ఆఫీసు. అతను వెబ్‌సైట్లు కడతాడు. అవి పనిచేస్తున్నాయో లేదో నొక్కి చూడటం నా పని. నా పేరు ఉష. అతనికంటే పదేళ్ళు పెద్దదాన్ని గనుక అక్కా అంటాడు. అక్కా అంటూనే నేను రాసిన ప్రతి కాగితంలోనూ తప్పులు పడతాడు, అది వేరే సంగతి.

మొదటి నియమం: శుక్రవారం నాడు సైటు ముట్టుకోరాదు. ఆ రోజు ఏదైనా చెడిపోతే శని, ఆదివారాల్లో బాగుచేసే దిక్కుండదని దాని అర్థం. ఇంటి ఓనరు వీరరాఘవమ్మ గారు నీళ్ళ మోటారు సంగతి మాట్లాడటానికి పైకి వచ్చి అది చదివింది. ఈ కాలంలో శుక్రవారం ఇంత నిష్ఠగా పాటించే కుర్రాడు ఉన్నాడా అని ముచ్చటపడిపోయింది. ఆ వారం నుంచి శుక్రవారం శుక్రవారం గిన్నెడు శనగల ప్రసాదం పైకి వస్తోంది. వెంకటకృష్ణ ఆమెకు నిజం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. శనగలు బాగుంటాయి.

పన్నెండో నియమం ఇక్కడే పుట్టింది. కింద టిఫిన్ బండి నడిపే ఆమెను వెంకటకృష్ణ ఒకరోజు, "ఇద్దరు ఒకేసారి చివరి గారె అడిగితే ఎవరికిస్తారు?" అని అడిగాడు. సైట్లలో అదొక పెద్ద చిక్కు ప్రశ్నట. "ముందు ప్లేటు చాపినోడికి" అని ఆమె గరిటె తిప్పుకుంటూ చెప్పింది. దాన్ని కూడా పసుపు కాగితం మీదికి ఎక్కించాడు.

అన్నిటికంటే అతనికి ఇష్టమైనది ఏడో నియమం: తప్పు జరిగితే పద్ధతిని తిట్టు, మనిషిని తిట్టకు. ఏదైనా పొరపాటు జరిగితే ఏం జరిగిందో, మళ్ళీ జరక్కుండా ఏం చేయాలో రాయాలి. ఎవరు చేశారో మాత్రం రాయకూడదు. నేను కూడా ఆ మాటను మెచ్చుకున్నదాన్నే. తప్పులు చేసేదాన్ని గనుక నాకు బాగా నచ్చింది.

ముప్పాళ్ళ దగ్గర బ్రహ్మానందం గారి మిరప నారు నర్సరీకి సైటు కట్టింది మేమే. రైతులు వచ్చి ఏ రకం నారు, ఎన్ని ట్రేలు కావాలో ముందే చెప్పుకుంటారు. అక్కడ పనిచేసే నౌషీన్ పేరు, ఫోను నంబరు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. నారు సిద్ధమయ్యాక ఆ నంబరుకు మెసేజి పోతుంది. నౌషీన్ డిగ్రీ చదివిన పిల్ల, సత్తెనపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది. నిదానంగా టైపు చేస్తుంది గానీ ఒక్క అక్షరం పొల్లుపోదు.

ఆగస్టులో ఒక గురువారం వెంకటకృష్ణ ఆ సైటు లోపలికి తొంగి చూసి మొహం చిట్లించాడు. ఒకే నంబరు మీద చాలా బుకింగులున్నాయి. ఒకే మనిషి పొరపాటున మళ్ళీ మళ్ళీ నమోదయ్యాడని అనుకున్నాడు. నంబరుకు ఒక్క బుకింగే ఉండేలా, చివరిది ఉంచి మిగతావి తీసేసేలా ఒక ప్రోగ్రాం రాశాడు. నన్ను చూడమన్నాడు. నా నంబరుతో రెండుసార్లు బుక్ చేశాను. ఒకటే మిగిలింది. బాగుందని చెప్పి నా భుజాలు నేనే చరుచుకున్నాను. సాయంత్రం ఐదింటికి దాన్ని సైటులో పెట్టేశాడు. గురువారమే గనుక నియమం కూడా తప్పలేదు.

శుక్రవారం సైటు చూస్తే ఎన్నో ట్రేలు ఎవరూ బుక్ చేయనట్టు చూపించింది. బ్రహ్మానందం గారు సంతోషించి మాచర్ల వైపు నుంచి వచ్చిన రైతులకు ఆ నారంతా ఇచ్చి పంపేశారు.

శనివారం పొద్దున పక్క మండలంలోని ఒక ఊరి నుంచి ముప్పై ఒక్కమంది రైతులు మూడు ట్రాక్టర్ల మీద వచ్చి మా నారేదీ అన్నారు. నౌషీన్ చూస్తే ఆ ఊరి పేరు మీద ఒక్కరే ఉన్నారు, జాషువా అని. అందర్నీ ముందు చెప్పుకోనిచ్చి ఆఖరున తన పేరు చెప్పిన పెద్దాయన ఆయన. ఆ ముప్పై ఒక్కమందీ ఆయన నంబరే ఇచ్చారు. "అందరివీ నేను ఎక్కించాను సార్" అని నౌషీన్ చెబుతూనే ఉందట. "ఎక్కిస్తే ఏమైనయ్? కాళ్ళొచ్చి నడిచిపొయ్యినయ్యా? రేపట్నుంచి నువ్వు రామాక" అని అంతమంది ముందు బ్రహ్మానందం గారు అనేశారట. ఆ పిల్ల అన్నం డబ్బా కూడా విప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆరోజు బ్రహ్మానందం గారు ఫోన్ చేసి, పేర్లు కనపడటం లేదు చూడండి అని మాత్రం అన్నారు. వెంకటకృష్ణ పది నిమిషాల్లో సంగతి పట్టుకున్నాడు. పాత కాపీ దాచి ఉంచాలన్నది అతని మూడో నియమం గనుక పేర్లు తిరిగొచ్చాయి. మాచర్ల పొలాల్లోకి పోయిన నారు ఎలా తిరిగొస్తుంది? ఆ రోజూ, మర్నాడూ ఇద్దరం పద్నాలుగు నర్సరీలకు ఫోన్లు చేశాం. జాషువా గారిది పోగా మిగిలిన ముప్పైమందిలో ఇరవై నలుగురికి నారు దొరికింది. ఆరుగురు మాత్రం రెండో విడత కోసం పన్నెండు రోజులు ఆగాలి. ఆ తర్వాత వెంకటకృష్ణ కూర్చుని మూడు పేజీల రిపోర్టు రాసి బ్రహ్మానందం గారికి పంపాడు. ఏడో నియమం ప్రకారం అందులో ఎవరి పేరూ లేదు, పేర్లు తొలగిపోయాయనే తప్ప ఎవరు తీసేశారో లేదు.

సోమవారం పొద్దున్నే బ్రహ్మానందం గారు నాకు ఫోన్ చేశారు.

"రిపోర్టు చదివానమ్మా ఉషా. చానా పెద్దమనుషులు మీరు. ఆడపిల్ల గదా అని ఆ పిల్ల పేరు ఎక్కడా రాయలేదు. నేను కూడా బయట అననులే. మానిపిచ్చా గదా, కొత్తమ్మాయిని చూస్తన్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పెట్టేసి వెంకటకృష్ణ కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"నీ ఏడో కాగితం ఆ పిల్ల ఉద్యోగం తీసేసింది, తెలుసా?"

విన్నదంతా చెప్పాను. అతను గోడ మీది ఏడో కాగితం చూపించాడు.

"పేర్లు రాస్తే మనుషులు భయపడి తప్పులు దాచేస్తారక్కా."

"పక్కోళ్ళ పేరు దాస్తే మర్యాద. మన పేరు మనమే దాచుకుంటే దాన్నేమంటారో నీకు తెలీదా?"

అప్పుడు చెప్పాడు. మొదటి ఉద్యోగంలో అతని వల్ల ఒక సైటు రెండు గంటలు ఆగిపోయిందట. మేనేజరు అతని పేరు పెట్టి రెండొందల మందికి మెయిలు పంపాడట. వారం రోజులు క్యాంటీనుకు పోలేక మెట్ల మీద కూర్చుని అన్నం తిన్నాడట. ఆ వారమే ఈ నియమం రాసుకున్నాడు. వింటుంటే నాకు జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

"నౌషీన్ ఇప్పుడు ఎక్కడ కూర్చుని తింటుందో" అన్నాను.

అతను బండి తాళాలు తీసుకున్నాడు.

మేము వెళ్ళేసరికి జాషువా గారు, ఆ ఊరివాళ్ళు మరో నలుగురు నర్సరీలోనే ఉన్నారు. వెంకటకృష్ణ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "సిస్టంలో ఒక స్క్రిప్టు రన్ అవడం వల్ల కొన్ని పేర్లు..."

జాషువా గారు చెయ్యెత్తి ఆపారు. "ఆ స్క్రిప్టు గారు ఎవరో పిలువు బాబూ, ఆయన్తోనే మాట్టాడదాం."

వెంకటకృష్ణ తల దించుకున్నాడు. "నేనేనండి. పేర్లు తీసేసింది నేను. నౌషీన్ అందరివీ సరిగ్గానే ఎక్కించింది."

"అది చూసి బాగుందని చెప్పింది నేను" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిడితేనే బాగుండేది. కాసేపటికి వెంకటకృష్ణే, అందరూ మీ నంబరే ఎందుకిచ్చారని జాషువా గారిని అడిగాడు.

"మావోళ్ళ ఫోన్లు పొలంలో మోగవు. మోగినా ఎత్తరు. ఎత్తినా మెసేజి చదవరు. చర్చి మైకు నా దగ్గరుంటది. మెసేజి రాంగానే మైకులో చదువుతా, ఊరంతా వింటది. ముందే అడిగితే చెప్పేటోళ్ళం గదా బాబూ."

మా ఇంట్లో గ్యాసు మెసేజి ఇప్పటికీ మా మరిది ఫోనుకే వస్తుంది. గురువారం నాడు నాకది తోచలేదు. నొక్కి చూడటమే ఉద్యోగంగా ఉన్నదాన్ని, ఎవరు నొక్కుతారో అడగలేదు.

బ్రహ్మానందం గారు అక్కడికక్కడే నౌషీన్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"అమ్మా, నీ తప్పేం లేదంట. రేపు వచ్చెయ్."

తను టైపు చేసినంత నిదానంగా, నౌషీన్ అంది.

"అందరి ముందు అన్నారు సార్. ఇప్పుడు ఫోన్లో రమ్మంటే ఎట్టా? ఆ ఊరోళ్ళకి నేనే ఎక్కియ్యలేదని గదా ఉంది."

బ్రహ్మానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం మైకులో తాను చెబుతానన్నారు జాషువా గారు.

"వద్దండి, నేనే చెబుతాను" అన్నాడు వెంకటకృష్ణ.

సాయంత్రం జనం పొలాల నుంచి వచ్చే వేళకు జాషువా గారి ఊళ్ళో చర్చి వరండాలో మైకు ముందు నిలబడ్డాడు. నేను నౌషీన్‌కు ఫోన్ చేసి, స్తంభానికి కట్టిన స్పీకరు వైపు నా ఫోను ఎత్తి పట్టుకున్నాను. మూడు పేజీలు రాసిన మనిషి నాలుగు ముక్కల్లో ముగించాడు.

"నేను నరసరావుపేట నుంచి వచ్చాను. నా పేరు వెంకటకృష్ణ. మీ పేర్లు కంప్యూటర్లో నుంచి తీసేసింది నేను, నర్సరీలో ఉండే నౌషీన్ కాదు. ఆమె అన్నీ సరిగ్గా ఎక్కించింది. రేపు ఇరవై నలుగురికి నారు వస్తుంది, ఆరుగురు పన్నెండు రోజులు ఆగాలి, అది నా వల్లే."

ట్రాక్టరు మీద కూర్చున్న ఒకాయన, సరేలే అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"విన్నావామ్మా?"

"విన్నానక్కా. ఇంకోసారి చెప్పమనండి. మా అమ్మీ వంటింట్లో ఉంది, వినలేదు."

ఆ మాట అతనికి చేరవేశాను. వెంకటకృష్ణ మళ్ళీ మైకు అందుకున్నాడు. ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పాడు.