చెల్లెలి చేతి కుట్టు

పాత కుట్టుమిషన్లు కొని, బాగుచేసి, అమ్ముకునే ఆమెను వీధిలో అందరూ మిషనక్క అనేవాళ్ళు. తల పండిన ముసలమ్మలకు కూడా ఆమె అక్కే. "నన్నొక్కణ్ణి వదిలేశారు, నయం. నేను కూడా అక్కా అనాల్సొస్తే కాపురం ఏమయ్యేదో!" అని మొగుడు నవ్వేవాడు. ఆయన వడ్రంగి. ఆమె కొనుక్కొచ్చిన మిషన్లకు పుచ్చిపోయిన బల్లలు ఊడదీసి కొత్తవి బిగించేది ఆయనే. ముందుగది నిండా మిషన్లు, వెనకగది నిండా చెక్కలు. మధ్యలో మిగిలిన కాస్త జాగాలోనే ఇద్దరూ వండుకుని, తిని, పడుకునేవాళ్ళు.

ఎవరింట్లోనైనా మిషను అమ్మకానికి ఉందని తెలిస్తే చేతిసంచిలో స్క్రూడ్రైవరు, నూనెడబ్బా, దారపు ఉండ, నాలుగు గుడ్డముక్కలు వేసుకుని బయల్దేరేది. వెళ్ళిన తర్వాత కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ముందు చక్రాన్ని ఒక్క వేలితో తిప్పేది. సూది కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి ఎంత వదులైందో చూసేది. గుడ్డను ముందుకు లాగే పళ్ళ మీద బొటనవేలు రాసేది. అడుగుదారం ఉండే షటిల్ మూత తీసి లోపల తుప్పు పట్టిందేమో తొంగిచూసేది. ఆఖరున గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి, తిరగేసి అడుగువైపు చూసేది. అప్పటిదాకా ఇంటివాళ్ళు డాక్టరు ముందు నిలబడ్డ చుట్టాల్లా ఊపిరి బిగబట్టుకుని చూస్తుండేవాళ్ళు.

"మా నాయనమ్మ నాటిదండీ. ఎంత పాతదైతే అంత రేటు పలుకుతుందట కదా?" అని ఒకసారి ఒక ఇల్లాలు ఆశగా అడిగింది.

"ఆ లెక్కన నన్ను కూడా కొనేసుకోవాలమ్మా," అంది మిషనక్క. "పాతదనానికి ఎవరూ ఇవ్వరు. కుట్టేదానికే ఇస్తారు. ఇది కుడుతుంది, బాగా కుడుతుంది. బల్ల మాత్రం పనికిరాదు. ఉన్న మాట చెప్పి ధర కడతాను, ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే మంచినీళ్ళు తాగి వెళ్తాను."

బేరం అక్కడికక్కడే కుదిరింది. ఆమెతో బేరాలన్నీ అలాగే కుదిరేవి.

ఈ విద్య తండ్రి నేర్పింది. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. ఒక కాలిమిషనుకు అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టుకుని విప్పడం, కడగడం, బిగించడం నేర్పాడు. బాగుచేసిన మిషనును ఊరికే వదలకూడదనేవాడు. మిగిలిన నూనె పీల్చుకోవడానికి, పళ్ళు అరిగిపోకుండా ఉండడానికి, గుడ్డను అదిమిపట్టే ఫుట్టు కింద ఒక గుడ్డముక్క కుట్టి వదలాలి. పెద్దది తిన్నగా ఒక గీత కుట్టి వదిలేసేది. చిన్నది మాత్రం ముక్క అంచు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా, గుండ్రంగా తిప్పుకుంటూ తిప్పుకుంటూ నడిమధ్యకు తెచ్చేది. అచ్చం నత్తగుల్ల. "తిన్నగా ఏ మిషనైనా నడుస్తుంది. తిప్పితే కదా దాని సంగతి తెలిసేది," అనేది చిన్నది. తండ్రి పైకి కసురుకునేవాడు గానీ, కొనడానికి వచ్చినవాళ్ళకు చిన్నదాని ముక్కే చూపించేవాడు.

తండ్రి పోయాక కొట్టు ఎవరిదన్న మాట వచ్చింది. ముందు మొగుళ్ళు మాట్లాడుకున్నారు. తర్వాత అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. మాట మీద మాట పెరిగింది. చిన్నది పసిపిల్లను చంకనేసుకుని, "నీ కొట్టూ వద్దు, నీ మొహమూ వద్దు," అని మెట్లు దిగింది. "పో, నీకోసం ఇక్కడెవరూ ఏడవరు," అంది పెద్దది. తర్వాత ఏడ్చింది గానీ, అది చెల్లెలికి తెలిసే దారి లేదు. చెల్లెలూ మరిదీ ఏటి వంతెన అవతల ఎక్కడో సొంతంగా కొట్టు పెట్టుకున్నారని మాత్రం తెలిసింది. ఎవరు ముందు గడప దిగాలన్న పట్టింపులోనే ఏళ్ళు దొర్లిపోయాయి.

అలా ఉండగా ఒకరోజు పాతసామాన్ల తాత తన బండి మీద ఒక చేతిమిషను తెచ్చి గుమ్మంలో దించాడు. నల్లరంగు పెచ్చులూడింది, పిడి విరిగింది. ఎవరూ ముట్టుకోరు దాన్ని. మిషనక్క కూడా వద్దనబోయి ఫుట్టు కింద చూసింది. నీలం గుడ్డముక్క. దాని మీద ఎర్రదారంతో నత్తగుల్ల.

"ఇది ఎక్కడిది తాతా?"

"వంతెన అవతల ఒక మిషన్ల కొట్టుంది. అమ్ముడుపోనివి నాకిచ్చేస్తారు. ఏం, దొంగసొమ్మనుకున్నావా?"

ఆమె బేరమాడకుండా కొనేసింది. తాత పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. ఆపైన వంతెన అవతల నుంచి ఏం దొరికినా తిన్నగా ఆమె గుమ్మానికే తెచ్చేవాడు. అన్నీ అలాంటివే. స్టాండు పగిలినవి, చక్రం వంగినవి, విడిభాగాలకు తప్ప దేనికీ కొరగానివి. మొగుడు గొణిగేవాడు. "ఇల్లు కాదే ఇది, ముసలి మిషన్ల ఆశ్రమం." కానీ ఆయనకు సంగతి తెలుసు. తెలుసు కాబట్టే మరో అటక కట్టిపెట్టాడు.

గుడ్డముక్కలన్నీ ఆమె ఒక రేకుడబ్బాలో దాచేది. తీరిక దొరికితే మంచం మీద పరుచుకుని చూసుకునేది. పువ్వుల పువ్వుల చీటీగుడ్డ వస్తే పాపకు గౌను కుట్టి ఉంటుందనుకునేది. బడి యూనిఫారం ముక్క వస్తే పిల్ల పెద్దదవుతోందనుకునేది. ఒకసారి జరీ అంచున్న పట్టుముక్క వచ్చింది. "చూశావా, పిల్లకు పెళ్ళి చేసినట్టుంది," అని మొగుడికి చూపించింది. "మనకు చెప్పలేదు గానీ, ముక్క మాత్రం పంపింది."

"అది నీకు పంపలేదే," అన్నాడాయన మెల్లగా. "తాతకు అమ్మింది."

"పంపింది," అంది ఆమె, డబ్బా మూత పెట్టేస్తూ. చెల్లెలు తనకే చెబుతోందని ఆమె నమ్మకం. మాట కలపడానికి మొహం చెల్లక, ఇలా కబురు పెడుతోందనుకునేది.

కొంతకాలానికి నత్తగుల్లలు వంకరపోవడం మొదలైంది. ఒక వరస మీద మరో వరస ఎక్కేసేది. మధ్యకు చేరకుండానే కుట్టు ఆగిపోయేది. మిషను లోపమేమోనని ఆమె అవే మిషన్లమీద తను కుట్టి చూసింది. మిషన్లు సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన మిషనుకు ఫుట్టు కింద ఏమీ లేదు. సూది ఉత్తగా పళ్ళ మీద ఆని ఉంది.

"ఇదీ ఆ కొట్టుదేనా?" అంది.

"అదే. ఆవిడ కూర్చోవడం లేదిప్పుడు. కూతురు ఇచ్చింది," అన్నాడు తాత.

ఆమె ఆ మిషను ముందే కూర్చుండిపోయింది. పొయ్యి మీద కూర పొయ్యి మీదే ఉంది. మొగుడు వచ్చి దించి, "ఇంకా చూస్తావేం? వెళ్ళు. బస్సులో కిటికీ పక్కన కూర్చో, నీకు తల తిరుగుతుంది," అన్నాడు.

వంతెన దాటాక బస్సు దిగి, నలుగురిని అడిగి ఆ కొట్టు పట్టుకుంది. ఇరుకుసందులో చిన్న గది. గోడ వెంబడి మిషన్లు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని చూడగానే చంకన ఎక్కి వెళ్ళిన పసిపిల్ల ఈమేనని తెలిసిపోయింది. ముక్కు అచ్చం తన తండ్రిదే.

"ఏం కావాలండీ?" అంది అమ్మాయి.

దారంతా కూడగట్టుకున్నది ఒక మాట, నోటికొచ్చింది మరొకటి. "మిషను... ఒకటి చూద్దామని," అంది.

"ఎవరే?" అని లోపలినుంచి గొంతు వినిపించింది. చెల్లెలు గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ బయటికి వచ్చింది. సన్నగా అయిపోయింది. చూపు మిషనక్క భుజం మీదుగా ఎక్కడో వీధిలోకి పోతోంది. "కూర్చోండమ్మా. మంచినీళ్ళు ఇవ్వవే ఆవిడకు," అంది, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు.

మిషనక్క పళ్ళెంలో పెట్టి తెచ్చిన గ్లాసు అందుకుంది. నోరు విప్పితే ఏడుపొస్తుందని భయం వేసి, ఎదురుగా ఉన్న మిషను దగ్గరకు జరిగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చక్రం తిరిగింది. సూది కడ్డీ టకటకమంది. చెల్లెలు తల వంచి వింటోంది.

"పళ్ళు అరగలేదు. బొటనవేలు రాసి చూడండి," అంది. తర్వాత గొంతు మారి, "ఇప్పుడు షటిల్ మూత తీస్తావు. ఆ మూత బిగువుగా ఉంటుంది, గోరు విరగ్గొట్టుకోకు," అంది.

మిషనక్క చేతిలో మూత జారి కిందపడింది.

"నాన్న ఈ వరస మనిద్దరికే నేర్పాడు కదే," అంది చెల్లెలు. ఆ పైన ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, అమ్మాయి ఏమీ తోచక కొట్టు తలుపు సగం మూసింది.

కళ్ళనరం ఎండిపోయిందట. ఆపరేషనుతో వచ్చేది కాదన్నారట. వెలుతురు తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, మొహం తెలియదు. ఇదంతా చెల్లెలు ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు కుట్టినవన్నీ నా దగ్గరే ఉన్నాయి," అంది అక్క. "తాత తెచ్చినవన్నీ కొన్నాను."

"ఏవి? ఆ పనికిరానివా?" చెల్లెలు నివ్వెరపోయింది. "ఎవరూ కొనకపోతే వదిలించుకున్నవి కదే అవి! నాన్న నేర్పిందంతా ఏ గంగలో కలిపావు?"

"నాకోసమే కుడుతున్నావనుకున్నాను."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "అలవాటుగా కుట్టానే. నీ దగ్గరికి వస్తున్నాయని నాకు తెలియదు," అంది. తర్వాత అక్క చెయ్యి తడుముకుని పట్టుకుంది. "తెలిస్తే కాస్త మంచివి పంపేదాన్ని."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మరిది వచ్చి, వదినగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయి, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు నిలబడితే ఇంకా నవ్వొచ్చింది.

సాయంత్రం అక్క అడిగింది. "నాతో వచ్చెయ్యి, కొన్నాళ్ళుండు."

"ఇక్కడ గోడలన్నీ నా చేతికి తెలుసు," అంది చెల్లెలు. "కొత్తచోట కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. నువ్వే వస్తూ ఉండు."

అలాగే వస్తానంది. ఆ తర్వాత మాట తప్పకుండా వెళ్తూనే ఉంది కూడా. పాపం, మొగుడే ఆ రోజుల్లో తన వంట తను చేసుకోవడం నేర్చుకున్నాడు. కానీ ఆ మొదటి సాయంత్రం బస్సుస్టాపు దగ్గర జరిగింది మాత్రం ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా ఆమె మనసులోంచి పోలేదు.

"ఇప్పుడెలా ఉన్నావే?" అని అడిగింది చెల్లెలు.

"ముసలిదాన్నయ్యాను. జుట్టు నెరిసింది, బుగ్గలు జారాయి."

"నాకు నల్లజుట్టుతోనే కనిపిస్తున్నావు. మెట్ల మీద నిలబడి, కోపంగా," అంది చెల్లెలు. "ఇంకో మొహం ఏదైనా గుర్తు తెచ్చుకుందామని చూస్తాను. రాదు."

అక్క చెల్లెలి అరచేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. చెల్లెలు నుదురు, కనుబొమలు, నోటి చుట్టూ ముడతలు మెల్లగా తడిమింది. ఇంతలో బస్సు వచ్చేసింది.

కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తే, కూతురు భుజం పట్టుకుని చెల్లెలు చెయ్యి ఊపుతోంది. వెనకాల వచ్చి ఆగిన మరో బస్సుకేసి ఊపుతోంది. ఆ బస్సులో ఎవరో కుర్రవాడు, తెలిసినవాళ్ళనుకున్నాడో ఏమో, తనూ చెయ్యి ఊపాడు. మిషనక్క కిటికీలోంచి తల బయటపెట్టి, "చిన్నీ! ఇటే, ఇటు!" అని అరిచింది. ఇంజను మోతలో ఆ పిలుపు ఎంతవరకు వెళ్ళిందో తెలియదు. బస్సు వంతెన ఎక్కేదాకా ఆమె చెయ్యి బయటే ఉంచింది.