మునెమ్మకు నేను చెప్పిన లెక్క

పదేళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె. పీకిన వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపడానికి మునెమ్మా నేనూ జోడీగా వెళ్లేవాళ్లం. కూలి కూడా కాయలే. ఇద్దరం ఒకే కుప్ప పోసి, వచ్చిన కూలిని సగం సగం పంచుకునేవాళ్లం. నేను రెండు గంపలు నింపేలోగా ఆమె మూడు నింపేది. ఆ తేడా ఆమె ఎన్నడూ చూడలేదు. నేను చూశాను.

నలభై దాటాక ఇద్దరం పలక పట్టాం. సాయంత్రాలు వయోజన విద్య బడికి పోయేవాళ్లం. అత్తకు జ్వరమని మునెమ్మ రాని రోజునే టీచరమ్మ చింతగింజలు పరిచి పాళ్ల లెక్క నేర్పింది. ఒకరు మూడు గంపలు, ఇంకొకరు రెండు తెంపితే, కూలిని ఐదు భాగాలు చేసి మూడు ఒకరికి, రెండు ఒకరికి ఇవ్వాలట. మునెమ్మకు నన్నే చెప్పమంది.

అప్పటికి మా కూలి పది శేర్లు మా వసారాలోనే ఉంది, పంచకుండా. పొద్దున్నే మునెమ్మ వచ్చింది.

"నిన్న ఏం సెప్పింది మే టీచరమ్మ?"

"ఎవురెంత తెంపినా ఇద్దరుంటే సగం సగమే అనింది."

"ఓసి, ఇంతేనా! దీనికి పలక యాల మే?" అని నవ్వి, ఐదు శేర్లు ఎత్తుకుపోయింది.

సాయంత్రం టీచరమ్మ పది శేర్ల కూలి పెట్టి ఆమెను అదే లెక్క అడిగింది. ఐదూ ఐదూ అంది మునెమ్మ. అందరూ నవ్వారు. ఆరూ నాలుగూ అని టీచరమ్మ సరిదిద్దింది. నీకెవరు చెప్పారని టీచరమ్మ అడిగితే నా వైపు ఒక్కసారి చూసింది.

"ఎవురూ సెప్పలా. నాదే మట్టిబుర్ర."

నేను తల వంచి పలక తుడుచుకున్నాను.

మళ్లీ ఆమె బడికి రాలేదు. పనికి మాత్రం నాతోనే వచ్చింది. ఆ పంట అయ్యేదాకా సగమే తీసుకుంది. సరైన లెక్క ఆ సాయంత్రం తనూ విన్నది కదా, మరి ఎందుకు అడగలేదు? నా మీద ప్రేమా, లేక నాతో మాట్లాడటమే అసహ్యమా? ఆ తర్వాత కార్వేటినగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ కుప్ప దగ్గర కూర్చుంటే నా కుడిపక్క చోటు వదిలేస్తాను. ఎవరైనా అక్కడ కూర్చుంటే చిరాకు. ఆ గలగల నవ్వు కావాలి నాకు.

కార్వేటినగరానికి బస్సుంది. ఎక్కలేదు. ఉత్తరం రాస్తే ఆమెకు ఎవరో చదివి వినిపించాలి. ఆమెకు చదువు రానిది నా వల్లే.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆ పొద్దున నాకు లెక్క బాగా తెలుసు. తెలిసే తప్పు నేర్పాను. ఈ ఒక్క మాట రాయడానికి ఇంత కాలం పట్టింది.